ఎర్రచందనం నుంచి పారిస్ దాకా: పర్యావరణ ఒప్పందాలపై అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో పర్యావరణ చట్టాల మీద పనిచేసే నావంటి వారి దగ్గరకు అంతర్జాతీయ ఒప్పందాల గురించి తెలుసుకోవడానికని ఎవరూ రారు. పొలంలో పెంచిన ఎర్రచందనాన్ని ఎప్పుడు కొట్టుకోవచ్చు, ఎవరికి అమ్ముకోవచ్చు అని అడగడానికి వస్తారు. ఆ ప్రశ్నలోనే మొదటి అపోహ దాగి ఉంటుంది.

అపోహ: ఎర్రచందనం వ్యాపారాన్ని ప్రపంచ దేశాలు నిషేధించాయి.

వాస్తవం: ప్రమాదంలో ఉన్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలో ఎర్రచందనం 1995 నుంచి రెండవ అనుబంధంలో (జాబితాలో) ఉంది. వాణిజ్యం దాదాపు పూర్తిగా నిషిద్ధమైనది మొదటి అనుబంధంలోని జాతులకే. రెండవ దానిలో ఉన్నవాటిని, సరుకు చట్టబద్ధంగా సేకరించినదేననీ, ఎగుమతి వల్ల అడవిలో ఆ జాతి మనుగడకు హాని లేదనీ ఎగుమతి చేసే దేశమే నిర్ధారించి పర్మిట్ ఇచ్చి పంపవచ్చు. ఆ నిర్ధారణపై అనుమానం కలిగినప్పుడు సైటిస్ ఆ దేశాన్ని ప్రత్యేక సమీక్షలో పెడుతుంది. ఎర్రచందనం విషయంలో 2004 నుంచి అలాంటి సమీక్షలో ఉన్న భారత్, 2023 నవంబరులో జెనీవాలో జరిగిన స్థాయీ సంఘ సమావేశంలో దాని నుంచి బయటపడింది. మన జిల్లాల రైతులకు ఇది నిజంగా పెద్ద ఊరటే. అయితే చెట్టు కొట్టడానికీ, దుంగ తరలించడానికీ కావలసిన అటవీ శాఖ అనుమతులు, కేంద్రం విధించిన ఎగుమతి ఆంక్షలు మన దేశపు నిబంధనలు. వాటి భారాన్ని కూడా సైటిస్ ఖాతాలో వేయడం సరికాదు.

అపోహ: ఇలాంటి ఒప్పందాల సదస్సులన్నింటిలోనూ ఓట్లు వేసి తేలుస్తారు.

వాస్తవం: సైటిస్‌లో మూడింట రెండు వంతుల ఓట్లతో ఒక జాతిని మొదటి అనుబంధానికి మార్చవచ్చు, ఆ జాతి పెరిగే దేశం వద్దన్నా ఆగదు. వాతావరణ సదస్సుల్లో ఓటింగ్ నియమాన్ని దేశాలు ఇప్పటికీ ఆమోదించలేదు కనుక అక్కడ అంతా ఏకాభిప్రాయమే. తీర్మానాల భాష అంత మెత్తగా ఉండడానికి ముఖ్య కారణం ఇదేనని నా అభిప్రాయం.

అపోహ: సంతకం పెట్టగానే ఒప్పందం చట్టమైపోతుంది.

వాస్తవం: వాతావరణ మార్పులపై కుదిరిన పారిస్ ఒప్పందంపై భారత్ 2016 ఏప్రిల్ 22న సంతకం చేసి, అక్టోబరు 2న ధ్రువీకరించింది. అంతటితో అది దేశంలో చట్టమైపోదు. ఒప్పందాన్ని దేశంలో అమలుచేయడానికి చట్టం తెచ్చే అధికారం రాజ్యాంగంలోని 253వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. ఆ పని ఎంత ఆలస్యం కాగలదంటే, 1976లోనే సైటిస్‌లో చేరినా, దానికోసం వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ప్రత్యేక అధ్యాయం 2022 నాటి సవరణతో గానీ రాలేదు.

అపోహ: పారిస్ లక్ష్యం తప్పిన దేశానికి జరిమానా పడుతుంది.

వాస్తవం: ఉద్గారాల తగ్గింపు లక్ష్యాన్ని ఏ దేశానికి ఆ దేశమే నిర్ణయించుకుంటుంది. అయిదేళ్లకోసారి కొత్త లక్ష్యం సమర్పించడం, పురోగతిపై నివేదిక ఇవ్వడం మాత్రమే తప్పనిసరి. అమలును చూసే సంఘానికి శిక్షించే అధికారం లేదు. దీన్ని డొల్లతనం అనేవారు పారిస్‌కు ముందున్న వాతావరణ ఒప్పందం క్యోటో అనుభవాన్ని చూడాలి. లక్ష్యం చేరని దేశం ఆ లోటుకు 30 శాతం కలిపి తరువాతి విడతలో తగ్గించాలని అక్కడ నియమం ఉండేది. లెక్క తేలే సమయం దగ్గరపడుతుండగా, 2011 డిసెంబరులో కెనడా ఆ ఒప్పందం నుంచే వైదొలుగుతున్నట్లు ప్రకటించింది.