పోయింది 66ఏ ఒక్కటే

బెంగళూరు మారతహళ్లి తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ అదే గొడవ. తోటి అమ్మాయి పేరు, ఫొటోతో ఇద్దరు పదో తరగతి అబ్బాయిలు ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా తెరిచారు. స్కూలు పోలీసులతో క్లాసు పెట్టిస్తానంటే అబ్బాయిల ఇళ్ల వాళ్లు అడ్డుపడ్డారు. ‘ఆ చట్టాన్ని సుప్రీంకోర్టు ఎప్పుడో కొట్టేసిందిగా’ అంటున్నారు.

కొట్టేసిన మాట నిజమే. ఏది కొట్టేసిందన్నదే తిరకాసు. 66ఏ (అభ్యంతరకర మెసేజ్‌లు), 66సీ (ఇంకొకరి గుర్తింపును దొంగతనంగా వాడుకోవడం), 66డీ (ఆన్‌లైన్‌లో ఇంకొకరిలా నటించి మోసం చేయడం) సెక్షన్లు మూడూ ఐటీ చట్ట సవరణతో 2009 అక్టోబరు 27న కలిసే అమల్లోకి వచ్చాయి. 66ఏ అనగానే ఫేస్‌బుక్ పోస్టులకు అరెస్టులే గుర్తొస్తాయి. కానీ అందులో ఇంకో ముక్క ఉండేది: మెసేజ్ ఎవరు పంపారన్న విషయంలో అవతలివాళ్లను తప్పుదోవ పట్టించడమూ నేరమే. దొంగ ఖాతాకు అతికినట్టు సరిపోయే మాట. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసు తీర్పుతో 66ఏ పోయింది, ఆ ముక్కా పోయింది.

మిగిలిన రెండింటికీ మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. కాకపోతే మోసబుద్ధి రుజువు కావాలి. ‘సరదాకి చేశాం’ అనే మాటకు బలమొచ్చింది అక్కడే. స్కూళ్ల క్లాసులేమో చాలావరకు పాస్‌వర్డ్ చెప్పొద్దు, ఫొటోలు పెట్టొద్దు అంటూ దెబ్బ తినేవాళ్లకే జాగ్రత్తలు చెబుతాయి. ఇంకొకరి పేరు తగిలించుకునే పిల్లాడికి చెప్పేదేమీ ఉండదు.

ఆ ఖాతా నుంచి రాత్రి పదకొండుకి ట్యూషన్ సార్‌కి ‘పడుకున్నారా’ అని మెసేజ్ వెళ్లిందట. ‘అది నేను కాదు సార్ అని మా పాప ఫోన్లో ఏడ్చింది. నాలుగు రోజులు ట్యూషన్‌కి వెళ్లలేదు’ అంటారు తల్లి. ఇలాంటి ఖాతాలపై ఫిర్యాదు అందితే 24 గంటల్లో తీసేయాలని 2021లో ఐటీ నిబంధనలు పెట్టారు, 2026లో ఆ గడువును ఇంకా తగ్గించారు. ఖాతా తీసేశారు. స్క్రీన్‌షాట్లు మాత్రం క్లాసంతా తిరుగుతున్నాయి. ‘సారీ చెప్పించాం కదండీ’ అన్నది అవతలి పక్షం జవాబు.

పిల్లల్ని జైల్లో పెడతారన్న టెన్షన్‌కీ ఆధారం తక్కువే. 2015 బాలల న్యాయ చట్టం కింద, మూడేళ్ల వరకు శిక్ష పడే ఇలాంటి కేసుల్లో 18 ఏళ్లు నిండనివాళ్ల మీద మామూలుగా ఎఫ్‌ఐఆర్ కట్టరు. స్టేషన్ జనరల్ డైరీలో రాసి, ఇంటి పరిస్థితులపై రిపోర్టుతో పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డుకు పంపుతారు. బోర్డు కౌన్సెలింగ్ ఇప్పించొచ్చు, సమాజ సేవ చేయించొచ్చు. తల్లిదండ్రుల చేతే జరిమానా కట్టించొచ్చు కూడా. ఈ చివరి సంగతి గ్రూపులో ఇంకా ఎవరూ పెట్టలేదు.