ముందు చెట్టు, తర్వాతే పేజీ: జేఎస్‌ఎఫ్ టెంప్లేట్ల వెనక కథ

కొత్త వెబ్ ప్రాజెక్టు మొదలైతే చాలు, పేజీలు ఎలా రాయాలన్న చర్చ వస్తుంది. హెచ్‌టీఎమ్‌ఎల్ లాంటి టెంప్లేట్ ఫైల్లో రాద్దామా, రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీలో లాగా కోడ్‌లోనే కలిపి రాద్దామా అని. ఏది చూడ్డానికి శుభ్రంగా ఉంది, డిజైనర్‌కు ఏది తేలిగ్గా అర్థమవుతుంది అన్న దగ్గరే ఆ చర్చ ఎక్కువగా తిరుగుతుంది. అంతకంటే ముందు అడగాల్సింది ఒకటుంది: టెంప్లేట్‌లోని ఫలానా లైను ఎప్పుడు నడుస్తుంది? జావా లోకం 2004లో జేఎస్‌ఎఫ్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ తెచ్చినప్పుడు ఈ ప్రశ్నను అడగకుండా వదిలేసి, తర్వాత ఐదేళ్లు దాని ఫలితం అనుభవించింది.

1999లో వచ్చిన జేఎస్పీ (జావాసర్వర్ పేజెస్, అంటే జావాలో వెబ్ పేజీలు రాసే టెంప్లేట్) పద్ధతి చాలా సూటిగా ఉండేది. పేజీ సర్వ్‌లెట్‌గా, అంటే సర్వర్‌లో నడిచే జావా ప్రోగ్రాముగా మారుతుంది, పైనుంచి కిందికి నడుస్తుంది, ఎదురైనది ఎదురైనట్టు అవుట్‌పుట్‌లోకి రాసేస్తుంది. కింద ఏముందో దానికి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. లిస్టు చూపించడానికి, ఫారం చూపించడానికి అది చాలు. పైన స్ట్రట్స్ అనే ఫ్రేమ్‌వర్క్ చేరాక మరీ హాయిగా ఉండేది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో సర్వ్‌లెట్, జేఎస్పీ, స్ట్రట్స్ అదే వరుసలో నేర్చుకుని ఉద్యోగాల్లో చేరిన తరం మాది. వెబ్ పేజీ అంటే పైనుంచి కిందికి పారే ప్రవాహమనే మా మనసులో నాటుకుపోయింది.

2002లో మైక్రోసాఫ్ట్ ఏఎస్పీ డాట్ నెట్‌తో వచ్చింది. బటన్, టెక్స్ట్ బాక్స్, టేబుల్ అన్నీ సర్వర్ మీద వస్తువుల్లా ఉంటాయి, మౌస్‌తో లాగి పెట్టుకోవచ్చు. జావా వైపు దానికి జవాబుగా 2004 మార్చిలో జావాసర్వర్ ఫేసెస్, అంటే జేఎస్‌ఎఫ్, తొలి వెర్షన్ విడుదలైంది. స్ట్రట్స్‌ను తయారుచేసిన క్రెయిగ్ మెక్‌క్లానహన్‌కే ఈ స్పెసిఫికేషన్‌లోనూ ప్రధాన పాత్ర. దాని ఆలోచన గట్టిది. పేజీ అంటే కాంపోనెంట్ల (పేజీలోని ఒక్కో భాగానికి సర్వర్ మీద ఉండే వస్తువుల) చెట్టు. ఫారం కొమ్మ అయితే, టెక్స్ట్ బాక్సులు దాని కింద రెమ్మలు. యూజర్ ఏదైనా పంపితే ఆ చెట్టును తిరిగి నిలబెట్టి, విలువలు నింపి, సరిచూసి, చివర్లో గీసి, అంటే హెచ్‌టీఎమ్‌ఎల్‌గా మార్చి పంపాలి.

ఆ చెట్టును వర్ణించడానికి ఏ భాష వాడాలన్నది తర్వాతి ప్రశ్న. అందరికీ వచ్చినదే వాడదామని జేఎస్పీని ఎంచుకున్నారు. కొత్త టెంప్లేట్ భాష పెడితే ఎవరూ రారేమో, ఉన్న టూల్స్ పనికిరాకుండా పోతాయేమో అన్న భయంలో న్యాయముంది. ఆ కుర్చీలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణేమో. కానీ చెట్టును గీయాలంటే ముందు చెట్టంతా నిలబడి ఉండాలి. జేఎస్పీకేమో ఎదురైనది వెంటనే రాసేయడమే తెలుసు.

ఇది పేజీలో ఎలా బయటపడేదో చెబుతాను. ‘పేరు’ అనే లేబుల్, దాని పక్కన టెక్స్ట్ బాక్స్. లేబుల్ నొక్కితే కర్సర్ బాక్సులోకి వెళ్లాలి. పేజీ మొదటిసారి తెరిచినప్పుడు వెళ్లదు. సబ్మిట్ కొట్టి అదే పేజీ తిరిగొచ్చాక వెళుతుంది! మొదటిసారి లేబుల్ ట్యాగ్ నడిచే సమయానికి బాక్స్ ఇంకా పుట్టలేదు, దాని ఐడీ వెతికినా దొరకదు. రెండోసారికి పాత చెట్టు చేతిలో ఉంటుంది కాబట్టి దొరుకుతుంది. ఇంకో రకం తిప్పలుండేవి. టేబుల్ గీసే ప్యానెల్ గ్రిడ్ అనే కాంపోనెంట్ లోపల మామూలు అక్షరాలు రాస్తే అవి టేబుల్ పైకి వెళ్లి కూర్చునేవి. గ్రిడ్ తన పిల్లలన్నీ వచ్చాకే గీస్తుంది, అక్షరాలను మాత్రం జేఎస్పీ అప్పటికే పంపేసి ఉంటుంది. అందుకే ప్రతి చిన్న మాటనూ వెర్బాటిమ్ ట్యాగ్‌లో చుట్టాల్సి వచ్చేది. తప్పు మా కోడ్‌లోనే ఉందనుకుని ఎన్ని సాయంత్రాలు టెన్షన్ పడ్డామో. జేఎస్పీ, జేఎస్‌ఎఫ్ నడిచే వేళలు వేరని మాకు చెప్పేవాళ్లు లేరు.

ఆ మాటను 2004 జూన్‌లో హాన్స్ బెర్గ్‌స్టన్ చెప్పారు. జేఎస్పీ మీద పుస్తకం రాసిన మనిషే, జేఎస్‌ఎఫ్ బాగుపడాలంటే జేఎస్పీని వదలాలని వ్యాసం రాశారు. వదిలే దారి కూడా స్పెసిఫికేషన్‌లోనే ఉంది: పేజీని కట్టి గీసే వ్యూ హ్యాండ్లర్ అనే భాగాన్ని తీసేసి మనది పెట్టుకోవచ్చు. జేకబ్ హూకమ్ మొదలుపెట్టిన ఫేస్‌లెట్స్ ఆ తలుపులోంచే వచ్చింది. మామూలు ఎక్స్‌హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైలు చదివి ముందు చెట్టు కడుతుంది, గీయడం ఆ తర్వాతే. ఫేస్‌లెట్స్‌లో ఉన్న, హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగ్ మీద ఒక గుర్తు పెట్టి దాన్నే కాంపోనెంట్‌గా మార్చే పద్ధతి అంతకుముందే టాపెస్ట్రీ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌లో ఉంది. టాపెస్ట్రీకి స్ఫూర్తి నెక్స్ట్ కంపెనీ 1996లో తెచ్చిన వెబ్‌ఆబ్జెక్ట్స్. అంటే సమాధానం ఎనిమిదేళ్ల ముందు నుంచే అందుబాటులో ఉంది!

2006లో జేఎస్‌ఎఫ్ 1.2 ఆ వరుస తప్పడాన్ని సరిచేసింది. అప్పటికే జనం మనసు ఫేస్‌లెట్స్ మీదికి మళ్లింది. సొంత కాంపోనెంట్ రాస్తే జేఎస్పీ కోసం విడిగా ట్యాగ్ క్లాసు, వివరాల ఫైలు రాయాలి. ఫేస్‌లెట్స్‌లో ట్యాగ్ క్లాసు బెడద లేదు. పేజీల ఉమ్మడి చట్రం ఒకచోట రాసి, మిగతా పేజీల్లో ఖాళీలు నింపితే సరిపోయేది. 2009లో జేఎస్‌ఎఫ్ 2.0 ఫేస్‌లెట్స్‌నే ప్రధాన పద్ధతిగా తీసుకుంది.

అయినా ‘ఎప్పుడు’ అన్న ప్రశ్న పూర్తిగా పోలేదు. ఫేస్‌లెట్స్‌లో లూప్‌కు రెండు ట్యాగులున్నాయి. ఫర్‌ఈచ్ చెట్టు కట్టేటప్పుడే నడిచి, పది వరుసలుంటే పది కాంపోనెంట్లు పుట్టిస్తుంది. రిపీట్ ఒకే కాంపోనెంట్‌ను ఉంచుకుని, గీసేటప్పుడు పదిసార్లు తిరుగుతుంది. చూడ్డానికి కవలలే. ఒకదాని లోపల ఇంకోటి పెట్టి, వరుసలు ఎందుకు రావడం లేదని తల పట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

2013లో రియాక్ట్ వచ్చి మార్కప్‌ను జావాస్క్రిప్ట్‌లో కలిపినప్పుడు చాలామందికి అది పాత పీహెచ్‌పీ పేజీలా కనిపించి నచ్చలేదు. కానీ అందులోని ట్యాగ్ నేరుగా అవుట్‌పుట్‌లోకి రాయదు, చెట్టు వర్ణనను తిరిగిస్తుంది. వ్యూ (Vue) అనే మరో జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్‌లో టెంప్లేట్ వేరుగా కనిపించినా, కంపైల్ అయ్యాక అదీ అలాంటి ఫంక్షనే. పైకి ఇంత తేడాగా ఉన్న రెండూ లోపల జేఎస్పీకి దూరం, ఒకదానికొకటి దగ్గర. 2020 డిసెంబరులో రియాక్ట్ బృందం సర్వర్ కాంపోనెంట్లను ప్రకటించాక ఏ ముక్క సర్వర్‌లో నడుస్తుంది, ఏది బ్రౌజర్‌లో అన్న లెక్క మళ్లీ ముందుకొచ్చింది.

జేఎస్‌ఎఫ్‌కే కొత్త పేరైన జకార్తా ఫేసెస్, 2022లో వచ్చిన 4.0 వెర్షన్‌లో జేఎస్పీ మద్దతును పూర్తిగా తీసేసింది. పాత అప్లికేషన్‌ను అక్కడికి తీసుకెళ్లాలంటే జేఎస్‌ఎఫ్ కోసం రాసిన ప్రతి జేఎస్పీ పేజీనీ ఫేస్‌లెట్స్‌లోకి మార్చాల్సిందే. ఆ పనిలో ఉన్న కొత్త కుర్రాళ్లు అక్షరాల చుట్టూ ఉన్న వెర్బాటిమ్ ట్యాగులు చూసి, ఇవెందుకన్నా అని అడుగుతుంటారు. తీసేయమనే ముందు లేబుల్, టెక్స్ట్ బాక్స్ సంగతి చెబుతుంటాను.