గోల్డ్ మైన్ పార్కులో క్యాంపింగ్: మలకాఫ్ డిగిన్స్ గురించి అపోహలు - వాస్తవాలు

శాక్రమెంటో, బే ఏరియా వైపు ఉండే తెలుగు కుటుంబాలకు క్యాంపింగ్ ట్రిప్పులు ఏర్పాటు చేస్తుంటాను. నేను ఎక్కువగా తీసుకెళ్ళే చోటు నెవాడా సిటీ అనే ఊరి దగ్గరున్న మలకాఫ్ డిగిన్స్ స్టేట్ హిస్టారిక్ పార్క్. పేరులో గోల్డ్ లేకపోయినా, ఒకప్పటి బంగారు గని అని చెప్పగానే ఊహలు మొదలవుతాయి. ఆ ఊహలతోనే బయలుదేరితే సగం ట్రిప్పు చిరాకుతో గడుస్తుంది. అందుకే తరచుగా వినిపించే మాటల గురించి రాస్తున్నాను.

అపోహ: నెవాడా సిటీ దగ్గరంటే నెవాడా రాష్ట్రానికి వెళ్ళాలి.

కాదు. నెవాడా సిటీ ఉన్నది క్యాలిఫోర్నియాలోనే, సియెర్రా కొండల పడమటి వాలులో. అసలు టెన్షన్ అక్కడి నుంచి పార్కుకు వెళ్ళే దారితో. ఫోన్ మ్యాపు దగ్గరి దారి అంటూ నార్త్ బ్లూమ్‌ఫీల్డ్ రోడ్డు చూపిస్తుంది. అది నిటారుగా దిగి యూబా నది దాటే మట్టి రోడ్డు. ట్రైలర్ ఉంటే ఆ ఆలోచనే వద్దు. హైవే 49 మీద ఉత్తరంగా సుమారు 11 మైళ్ళు వెళ్ళి టైలర్-ఫుట్ రోడ్డు ఎక్కండి. దూరం కాస్త ఎక్కువే అయినా పిల్లలకు వాంతులు కావు. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, లోపల సిగ్నల్ ఉండదు. తమాషా ఏమిటంటే, ఈ కొండల మీదుగా 1878లోనే సుమారు 60 మైళ్ళ టెలిఫోన్ లైను వేశారు. గనికి వచ్చే కాలువ నీళ్ళు ఎప్పుడు వదలాలో, ఎప్పుడు ఆపాలో చెప్పుకోవడానికి!

అపోహ: బంగారు గని అంటే సొరంగాలు, లిఫ్టులు.

కోలార్ గురించి విని పెరిగినవాళ్ళం కాబట్టి ఇలా అనుకోవడం సహజం. మన చిత్తూరు సరిహద్దుకు అవతలే ఉన్న ఆ గనులు 3 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగాయి. ఇక్కడ కథ వేరు. బంగారం రాతిలో కాదు, పాత నదులు వదిలిపోయిన కంకర పొరల్లో సన్నని రేణువులుగా ఉంది. అందుకని మనుషులు కిందికి దిగలేదు, కొండనే కిందికి దించారు. పైనున్న బౌమన్ సరస్సు నుంచి మైళ్ళ కొద్దీ కాలువలు తవ్వి నీళ్ళు తెచ్చి, ఇనుప గొట్టాల్లోకి వదిలి, చివర ఫిరంగి లాంటి నాజిల్‌తో కొండ మీదికి కొట్టేవాళ్ళు. ఆ నాజిల్‌నే మానిటర్ అంటారు. కరిగిన మట్టి, కంకర పొడవాటి చెక్క కాలువల్లోంచి పోతుంటే బరువైన బంగారం అడుగున ఆగేది.

దాని ఫలితమే ఇప్పుడు మీరు చూసే గొయ్యి. మైలుకు పైగా పొడవు, అర మైలుకు పైగా వెడల్పు, పని జరిగిన రోజుల్లో దాదాపు 600 అడుగుల లోతు. తర్వాత మట్టి జారి చాలావరకు పూడింది. ఎర్రగా, తెల్లగా, నారింజ రంగులో నిలబడిన ఆ గోడలను చూసి చాలామంది ప్రకృతి చెక్కిన లోయ అనుకుని ఫోటోలు దిగుతారు. అది నార్త్ బ్లూమ్‌ఫీల్డ్ గ్రావెల్ మైనింగ్ కంపెనీ చేసిన పని.

సొరంగం లేదా అంటే ఉంది, కానీ తవ్వకానికి కాదు, బురద నీళ్ళు బయటికి పోవడానికి. 556 అడుగుల హిల్లర్ టన్నెల్‌లో ఎండాకాలం నీళ్ళు తగ్గినప్పుడు నడవచ్చు. టార్చిలైటు, తడిసినా ఫర్వాలేదనిపించే బూట్లు కావాలి. వాన రోజుల్లో లోపలికి వెళ్ళొద్దు. 1874లో పూర్తయిన ఇంకో టన్నెల్ సుమారు మైలున్నర పొడవు, అందులోకి ఎవరూ వెళ్ళకూడదు.

అపోహ: జడ్జిగారు ఈ తవ్వకాన్నే నిషేధించారు.

పార్కులోని బోర్డులు పైపైన చదివితే అలాగే అనిపిస్తుంది. ఇక్కడి బురద యూబా నదిలో పడి, నది అడుగు పైకి లేచి, దిగువన మేరీస్‌విల్ చుట్టూ పొలాలు, ఇళ్ళు మునిగేవి. అక్కడ భూములున్న ఎడ్వర్డ్స్ వుడ్రఫ్ కేసు వేశాడు. 1884 జనవరి 7న జడ్జి లోరెంజో సాయర్ తీర్పిచ్చారు. తవ్వొద్దని ఆయన అనలేదు, బురదను నదుల్లోకి వదలొద్దన్నారు. బురద వదలకుండా ఈ పద్ధతిలో లాభం రాదు కాబట్టి పని దాదాపు ఆగిపోయింది. 1893లో కామినెట్టి చట్టం వచ్చి, బురదను ఆపే ఆనకట్టలు కట్టుకుంటే తవ్వుకోవచ్చంది. అయినా పాత జోరు మళ్ళీ రాలేదు. ఎగువన ఒకరి లాభం, దిగువన ఇంకొకరి పొలం: కృష్ణా, గోదావరి తగాదాలు చూసిన మనకు ఈ కేసు తేలిగ్గానే అర్థమవుతుంది. పిల్లలకు నేను బంగారం కథ కంటే దీన్నే ఎక్కువసేపు చెబుతాను.

అపోహ: వాగు నీళ్ళు మరిగించి వాడుకోవచ్చు.

ఈ విషయంలో మాత్రం మొహమాటం లేకుండా వద్దంటాను. బంగారు రేణువులు పట్టుకోవడానికి ఆ చెక్క కాలువల్లో పాదరసం పోసేవాళ్ళు. అందులో కొంత ప్రతిసారీ నీళ్ళతో కొట్టుకుపోయేది. అలా పోయింది ఇప్పటికీ వాగుల అడుగు మట్టిలో ఉంది. మరిగిస్తే క్రిములు చస్తాయి, పాదరసం పోదు. కిందున్న ఇంగిల్‌బ్రైట్ రిజర్వాయర్ చేపలను ఎంతవరకు తినాలో కూడా రాష్ట్ర ప్రభుత్వం సలహా ఇచ్చింది. వంటకు, తాగడానికి సరిపడా నీళ్ళు ఇంటి నుంచే తెచ్చుకోండి. గొయ్యి అడుగున ఉన్న బురద నీళ్ళలో పిల్లల్ని ఆడనివ్వొద్దు.

అపోహ: "బంగారం దొరికితే ఇంటికి తెచ్చుకోవచ్చు కదా అక్కా?"

అనుమతి ఉన్న చోట పళ్ళెంతో, చేతులతో కడిగి చూడటం వేరు. పార, మోటారు పట్టుకెళ్ళడం వేరు. ఎక్కడ అనుమతి ఉందో ఆ రోజు రేంజర్‌ను అడగండి. నదిలో మోటారుతో ఇసుక పీల్చే పద్ధతికైతే క్యాలిఫోర్నియా 2009 నుంచే అడ్డుకట్ట వేసింది. నాకు ఎక్కువ భయం పిల్లల జేబులంటే. తుప్పు పట్టిన మేకు, పాత సీసా ముక్క, పింగాణీ పెంకు: ఏదైనా సరే తీసుకెళ్ళడం నేరం. చూడండి, ఫోటో తీయండి, అక్కడే వదిలేయండి.

అపోహ: ఎలుగుబంటి మనుషుల కోసం వస్తుంది.

మన పులిహోర కోసం వస్తుంది. రాష్ట్ర జెండా మీదున్న గ్రిజ్లీ క్యాలిఫోర్నియాలో 1920లలోనే అంతరించింది. ఇప్పుడున్నవి నల్ల ఎలుగులు, సాధారణంగా మనిషిని చూస్తే తప్పుకునేవే. కానీ వాటి ముక్కు ముందు మన ఆవకాయ జాడీ మూత ఏపాటిది? వండడం, తినడం అయిన వెంటనే అన్నీ ఇనుప ఫుడ్ లాకర్‌లో పెట్టి గడియ వేయండి. టూత్‌పేస్టు, సన్‌స్క్రీన్, అగరుబత్తులు కూడా. టెంటులో బిస్కెట్ ప్యాకెట్ కూడా ఉంచొద్దు.

అపోహ: క్యాంప్‌ఫైర్ లేకపోతే క్యాంపింగే కాదు.

ఎండలు ముదిరాక కట్టెల మంట మీద నిషేధం పెట్టడం ఇక్కడ మామూలే. గ్యాస్ స్టవ్‌కు మినహాయింపు ఉందో లేదో బయలుదేరే ముందే చూసుకోండి. మంటకు అనుమతి ఉన్నా, కట్టెలు దగ్గరి ఊళ్ళోనే కొనండి. దూరం నుంచి తెస్తే వాటితో పాటు చెట్లను చంపే పురుగులూ వస్తాయి. పార్కులో రాలిన పుల్లలు ఏరడానికి కూడా వీల్లేదు.

ఇక చిన్నవి. "జూలైలో చలేంటి?" అంటారు. క్యాంప్‌గ్రౌండ్ 3,000 అడుగులకు పైనే ఉంది, పగలు ఎంత ఎండ కాసినా తెల్లవారుజామున స్వెట్టర్ వెతుక్కుంటారు. కరెంటు ప్లగ్గులు, వేడినీళ్ళ స్నానాలు ఆశించొద్దు. దారి పక్కన మూడేసి ఆకుల గుత్తులతో కనిపించే, తగిలితే దురద పెట్టే పాయిజన్ ఓక్ మొక్కను పిల్లలకు మొదటి గంటలోనే చూపించండి. తగిలిందని అనుమానం వస్తే వెంటనే సబ్బుతో కడిగి, వేసుకున్న బట్టలు విడిగా మూటకట్టండి. ఆ బట్టలు మీ మంచి దుప్పట్లలో కలిస్తే ఇంటికి వెళ్ళాక కూడా దురద తప్పదు.