అపార్థైడ్ గురించి క్లాసులో ఎప్పుడూ వినే అపోహలు, అసలు సంగతులు

డిగ్రీ పిల్లలకి హిస్టరీ చెప్పబట్టి పద్దెనిమిదేళ్ళు అవుతోంది, దక్షిణాఫ్రికా పాఠం వచ్చిన ప్రతిసారీ అవే మాటలు వినిపిస్తాయి, గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్ళ దగ్గర కూడా అవే. ఒకసారి తీరిగ్గా రాసి పెడదామని కూర్చున్నా.

అపోహ: తెల్లవాళ్ళకి నల్లవాళ్ళంటే పడేది కాదు, అదే వర్ణవివక్ష.

అపార్థైడ్‌ని మన పుస్తకాల్లో వర్ణవివక్ష అంటారు, అసలు ఆ "వివక్ష" అన్న మాట దగ్గరే నాకు పేచీ. వివక్ష మనసులో ఉంటుంది, చూపులో ఉంటుంది, మాటలో ఉంటుంది. అపార్థైడ్ ఉన్నది గెజిట్‌లో. ఆఫ్రికాన్స్ భాషలో ఆ మాటకి వేరుగా ఉండటం అని అర్థం, 1948 మేలో తెల్లవాళ్ళ నేషనల్ పార్టీ గెలిచాక అదే ప్రభుత్వ విధానం అయింది, ఇక వరసపెట్టి చట్టాలు. 1949లో తెల్లవాళ్ళు వేరే జాతి వాళ్ళని పెళ్ళి చేసుకోకూడదని, 1950లో ప్రతి మనిషి జాతినీ రిజిస్టర్‌లో ఎక్కించాలని, అదే ఏడు ఎవరు ఏ ఏరియాలో ఉండాలో చెప్పే గ్రూప్ ఏరియాస్ చట్టం, 1953లో నల్లపిల్లలకి వేరే చదువు. ఒక్కోదానికీ ఒక ఆఫీసు, ఫారాలు, గుమస్తాలు, శిక్షలు. మనసు ఎంత మంచిదైనా చట్టం ముందు పనికిరాలేదు.

అపోహ: 1948కి ముందు అంతా బాగానే ఉండేది.

లేదు. 1913 భూమి చట్టం చూడండి. జనాభాలో మూడింట రెండొంతులు ఉన్న ఆఫ్రికన్లకి దేశంలో దాదాపు 7 శాతం నేల కేటాయించి, దాని బయట కొనకూడదు అన్నారు, 1936లో దాన్ని 13 శాతం దాకా పెంచుతామన్నారు. సొంత పొలం ఉన్నవాడు గనిలోకి కూలికి ఎందుకు దిగుతాడు? బంగారు గనులకి, తెల్లవాళ్ళ పొలాలకి చవగ్గా మనుషులు కావాలి, ఇది పట్టుకుంటే మిగతా చట్టాలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

అపోహ: బెంచీల మీద, బస్సుల మీద "తెల్లవారికి మాత్రమే" అని బోర్డులు పెట్టారు, అంతే కదా మేడమ్.

బోర్డులు ఫోటోల్లో కనపడతాయి కాబట్టి అవే గుర్తుంటాయి. మనిషి ప్రాణం తీసింది మాత్రం నల్లవాళ్ళు ఎక్కడికెళ్ళినా జేబులో పెట్టుకోవాల్సిన చిన్న పుస్తకం, అదే పాస్. 1952లో దాని కోసం తెచ్చిన చట్టం పేరులోనే "పాస్‌ల రద్దు" అని ఉంది, చేసిందేమో పాత కాగితాలన్నీ తీసేసి అన్నీ కలిపి ఒకటే పుస్తకం చెయ్యడం. ఫోటో, నంబరు, పన్ను కట్టిన లెక్క, నెలనెలా యజమాని సంతకం, ఏ ఊళ్ళో ఉండొచ్చో స్టాంపు. అది ఇంట్లో మర్చిపోయి వీధిలోకి వస్తే అరెస్టే. అనుమతి లేకుండా పట్నంలో 72 గంటలు దాటి ఉండటానికి లేదు, ఉండాలంటే అక్కడే పుట్టి పెరిగుండాలి, లేదా ఒకే యజమాని దగ్గర పదేళ్ళు పని చేసుండాలి, లేదా చట్టప్రకారం పదిహేనేళ్ళు అక్కడే ఉండుండాలి.

ఈ రూల్‌ని నేను బోర్డు మీద రాసి క్లాసులో ఒక పని చేయిస్తా. మనది హైదరాబాద్ కదా, ఈ లెక్కన మీలో ఎవరు ఇక్కడ ఉండొచ్చో చేతులెత్తండి అంటా. పోయినేడు 54 మందిలో తొమ్మిది చేతులు లేచాయి. ముందు బెంచీలో ఒకమ్మాయి ఎత్తిన చెయ్యి సగంలో ఆపేసి "నేను ఇక్కడే పుట్టాను మేడమ్, మా నాన్నది నల్గొండ, వచ్చి ఎనిమిదేళ్ళే అయింది, మరి నాన్న?" అంది. నాన్న వెళ్ళిపోవాలమ్మా అన్నా. ఆ రోజు ఇంక పాఠం చెప్పలేదు, చెప్పాల్సిన పని లేకపోయింది.

మార్చి 21 ఏ దినం అంటే జాతి వివక్ష నిర్మూలన దినం అని బిట్ ప్రశ్నగా టక్కున చెప్పేస్తారు. 1960లో అదే రోజు షార్ప్‌విల్‌లో ఈ పుస్తకాలు ఇంట్లో వదిలేసి మమ్మల్ని అరెస్ట్ చెయ్యండని పోలీస్ స్టేషన్ ముందుకొచ్చిన జనం మీద కాల్పులు జరిపారు, ప్రభుత్వ లెక్కలోనే 69 మంది పోయారు.

అపోహ: ఎవరు తెల్లో ఎవరు నల్లో చూస్తే తెలిసిపోతుంది.

తెలిస్తే చట్టం ఎందుకు? 1950 జాతి రిజిస్టర్ చట్టంలో తెల్లవాడంటే చూడ్డానికి అలా కనపడేవాడు లేదా నలుగురూ అలా ఒప్పుకునేవాడు, ఇదీ నిర్వచనం. అనుమానం వస్తే జుట్టులో పెన్సిల్ పెట్టి చూసేవాళ్ళు, జారి కింద పడితే తెల్ల, నిలబడితే కాదు. 1966లో తెల్ల తల్లిదండ్రులకి పుట్టిన పదేళ్ళ పాపని జుట్టు, రంగు చూసి బడి నుంచి పంపించేసి "కలర్డ్", అంటే మిశ్రమ జాతి, అని రాశారు, మరుసటి ఏడు మళ్ళీ తెల్ల అన్నారు. జపాన్‌తో వ్యాపారం కావాలి కాబట్టి జపాన్ వాళ్ళు గౌరవ తెల్లవాళ్ళు, చైనా వాళ్ళు కాదు.

వేరు పెట్టినా వసతులు సమానంగానే ఇచ్చారని కూడా కొందరంటారు. వసతులు వేరు చెయ్యడానికి 1953లో తెచ్చిన ఇంకో చట్టంలోనే సమానంగా ఉండక్కర్లేదని రాసుకున్నారు.

అపోహ: మనవాళ్ళకి అక్కడ పెద్దగా ఏం కాలేదు.

ఇది వింటే నిజంగా బాధేస్తుంది. 1860 నవంబరులో మద్రాసు నుంచి మొదటి ఓడ డర్బన్ చేరింది, 1911 దాకా ఎక్కువగా చెరుకు తోటలకి వెళ్ళిన ఒప్పంద కూలీలు లక్షా యాభై రెండు వేల పైచిలుకు, వాళ్ళలో విశాఖపట్నం వైపు నుంచి వెళ్ళిన తెలుగువాళ్ళూ ఉన్నారు, 1931లో అక్కడే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఒప్పందం తీరాక డర్బన్ పక్కన కేటో మేనర్‌లో నేల కొనుక్కుని కూరగాయలు పండించుకున్న కుటుంబాలు ఎన్నో. గ్రూప్ ఏరియాస్ చట్టం కింద 1958లో దాన్ని తెల్లవాళ్ళ ఏరియా అనేశారు. ఆఫ్రికన్లని క్వామాషుకి, భారతీయుల్ని చాట్స్‌వర్త్‌కి తరిమారు, ఇళ్ళు కూల్చారు, కొన్ని గుళ్ళు మాత్రం అక్కడే నిలబడ్డాయి, ఆ నేల చాలావరకు ఏళ్ళ తరబడి ఖాళీగానే పడి ఉంది.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. డర్బన్ పోస్టాఫీసులో రెండు గుమ్మాలుండేవి, ఒకటి తెల్లవాళ్ళకి, ఇంకొకటి ఆఫ్రికన్లకీ మనకీ కలిపి. 1890ల్లో గాంధీ ఉన్న నేటాల్ ఇండియన్ కాంగ్రెస్ పోరాడి సాధించింది భారతీయులకి మూడో గుమ్మం. ఆ ఆలోచన మారి అందరూ ఒకే గుమ్మం అడగడానికి చాలా ఏళ్ళు పట్టింది, 1947లో అక్కడి భారతీయుల నాయకులు డాక్టర్ దాదూ, డాక్టర్ నాయకర్, ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ నాయకుడు డాక్టర్ జూమా కలిసి పోరాడదామని ఒప్పందం మీద సంతకం పెట్టారు.

అపోహ: మండేలా ఒక్కడే చేశాడు.

మండేలా గొప్పతనం ఎక్కడికీ పోదు, కానీ నెల్లూరు జిల్లాలో 1924లో పుట్టిన ఏనుగ శ్రీనివాసులు రెడ్డి గారి పేరు తెలుగు పిల్లలకే తెలియకపోవడం నాకు మింగుడుపడదు. ఐక్యరాజ్య సమితిలో 1963 నుంచి అపార్థైడ్ వ్యతిరేక కమిటీ పని చూసి, తర్వాత సమితిలోనే అపార్థైడ్ వ్యతిరేక కేంద్రానికి డైరెక్టర్ అయ్యారు, ఆంక్షల కోసం, ఖైదీల విడుదల కోసం ఏళ్ళ తరబడి దేశదేశాలని కదిలించారు. 2013లో దక్షిణాఫ్రికా ఆయనకి ఓఆర్ టాంబో పురస్కారం ఇచ్చింది.

అపోహ: 1994లో అన్ని జాతుల వాళ్ళూ ఓటేసిన ఎన్నికలతో అయిపోయింది.

చట్టాలు అయిపోయాయి. పాస్ పుస్తకం 1986లో, బోర్డులు 1990లో, జాతి రిజిస్టర్ చట్టం 1991లో పోయాయి. నేల మాత్రం మళ్ళీ చేతులు మారాలి కదా, దానికి 1994లో ఇంకో చట్టం తెచ్చి పోయిన భూమికి అర్జీ పెట్టుకోండన్నారు. పట్నాల్లో చాలామంది భూమికి బదులు డబ్బే తీసుకున్నారు. 1913 జూన్ 19 తర్వాత లాక్కున్న నేలకే అర్జీ చెల్లుతుందన్నారు, అంటే ఆ పాత భూమి చట్టం వచ్చిన రోజు నుంచి. అంతకుముందు పోయినదానికి అర్జీ లేదు.