ఆ ఏడాది రాని ఫస్ట్ ఇయర్లు

బోధనాసుపత్రిలో రాత్రిపూట వార్డును మోసేది ఎక్కువగా పీజీ ఫస్ట్ ఇయర్లే, అంటే ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్ల కోర్సులో కొత్తగా చేరిన జూనియర్ డాక్టర్లు. రక్తం తీయడం, కేస్ షీట్ రాయడం, రిపోర్టుల కోసం ల్యాబ్ చుట్టూ తిరగడం, అర్ధరాత్రి ఎవరికైనా బీపీ పడిపోతే పరుగెత్తడం అన్నీ వాళ్ల నెత్తినే. వాళ్ల పైన సెకండ్ ఇయర్లు, ఆ పైన పరీక్షలకు చదువుకునే థర్డ్ ఇయర్లు. ఏటా కింద ఒక బ్యాచ్ చేరుతుంది, పైన ఒకటి వెళ్లిపోతుంది.

2021లో కింది బ్యాచ్ రాలేదు.

ఏప్రిల్ 18న జరగాల్సిన పీజీ ప్రవేశ పరీక్ష, నీట్ పీజీ, కరోనా సెకండ్ వేవ్ వల్ల వాయిదా పడి సెప్టెంబర్ 11న జరిగింది. తర్వాత రిజర్వేషన్ల కేసు సుప్రీంకోర్టులో ఉండటంతో కౌన్సెలింగ్ ఆగింది. డిసెంబర్లో ఢిల్లీలో రెసిడెంట్ డాక్టర్లు రోడ్డెక్కారు. చివరికి 2022 జనవరి 12న కౌన్సెలింగ్ మొదలైంది. వెళ్లాల్సిన సీనియర్లను కొన్నాళ్లు ఆపి సర్దుకున్నా, అసలు మనుషులు తక్కువ, రోగులు ఎక్కువ. జూనియర్ డాక్టర్ల మానసిక ఆరోగ్యం, బర్నౌట్ అనగానే యోగా, ధ్యానం, మనోధైర్యం అంటారు. నాకైతే ముందు ఈ హాజరు పట్టీ చూడాలనిపిస్తుంది.

బర్నౌట్ అంటే ఒట్టి అలసట కాదు. అలసటైతే ఒక రాత్రి నిద్రపోతే చాలావరకు తీరుతుంది. ఈ మాటను 1974లో వైద్య రంగంలోకి తెచ్చిన మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్, న్యూయార్క్‌లో ఒక ఉచిత క్లినిక్‌లో పనిచేస్తూ తోటివాళ్లలోనూ తనలోనూ దాన్ని గమనించాడు. 1981లో మనస్తత్వ పరిశోధకులు క్రిస్టినా మాస్లాక్, సూసన్ జాక్సన్ దాన్ని కొలవడానికి 22 ప్రశ్నల పట్టిక తయారుచేశారు. అందులో చూసేవి మూడు: మనసు పిండేసినట్టు అయిపోవడం, ఎదుటి మనిషి మనిషిలా కనిపించకపోవడం, నేను చేసేదాని వల్ల ఉపయోగం లేదనిపించడం.

కోవిడ్ వార్డులో ఈ రెండోది ఎలా పుట్టిందో చూడండి. పీపీఈ కిట్ వేసుకుంటే గంటల తరబడి నీళ్లు తాగడానికి లేదు, బాత్రూమ్‌కు వెళ్లడానికి లేదు. కళ్లద్దాలకు ఆవిరి పడుతుంది. డాక్టర్ ఎవరో తెలియడానికి కిట్ మీద మార్కర్‌తో పేరు రాసుకునేవాళ్లు. రోగికి డాక్టర్ ముఖం కనిపించదు, డాక్టర్‌కు రోగి ముఖంలో సగం మాస్కే. అలాంటి చోట ‘రామారావు గారు’ మెల్లగా ‘12వ బెడ్, ఆక్సిజన్ సాచురేషన్ 80’ అయిపోతాడు. దీన్ని కఠినత్వం అనలేం. వరసగా చావులు చూస్తున్న మనసు తన చుట్టూ తానే కట్టుకున్న గోడ అది. కానీ ఆ గోడ ఇంటికొచ్చాక కూడా కూలదు. అక్కడే ఉంది అసలు ప్రమాదం.

మూడోదీ అంతే. ఆర్థోలో (ఎముకల విభాగంలో) చేరిన పీజీకి ఆపరేషన్లు నేర్చుకోవాలని ఉంటుంది. అత్యవసరం కానివి వాయిదా పడ్డాయి, అతన్ని కోవిడ్ వార్డులో వేశారు. కోర్సు మూడేళ్లే. పోయిన నెలలు ఎవరు తిరిగిస్తారు?

ఇక నిద్ర. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చినదాని ప్రకారం, 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుంది. మన దేశంలో 0.03 శాతం దాటితే చాలు, బండి నడపడం నేరం. అమెరికాలో 2004లో వచ్చిన మరో అధ్యయనంలో, 24 గంటలు మించిన డ్యూటీలు చేసే ఇంటర్న్‌ల చేతిలో, డ్యూటీలు తగ్గించినప్పటికంటే 36 శాతం ఎక్కువ తీవ్రమైన పొరపాట్లు జరిగాయి. అంటే ఇది డాక్టర్ ఒక్కడి బాధ కాదు, రోగికీ సంబంధించిందే.

దీనికి తోడు భయం. రోగం ఇంటికి మోసుకెళతామేమోనన్న టెన్షన్ ఒకటి, దెబ్బలు తినాల్సివస్తుందన్నది ఇంకొకటి. ఆరోగ్య సిబ్బందిపై దాడి చేస్తే ఏడేళ్ల దాకా జైలు అంటూ 2020 ఏప్రిల్‌లో కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది. జూన్‌లోనే హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో ఒక రోగి చనిపోతే బంధువులు డాక్టర్‌పై దాడి చేశారు, జూడాలు (జూనియర్ డాక్టర్లు) ధర్నాకు దిగారు. ఆవేశపడిన ఆ బంధువులకు పడకలు, సిబ్బంది ఎందుకు చాలవో చెప్పగలిగినవాళ్లు వార్డులో లేరు. కనిపించింది జూనియరే.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నౌట్‌ను జబ్బుగా కాక, పనిచోట ఒత్తిడిని సరిగ్గా అదుపు చేయకపోవడం వల్ల వచ్చే స్థితిగా నిర్వచించింది. డిప్రెషన్ వేరు. అది సెలవు పెట్టినా వెంటే వస్తుంది, దానికి వైద్యం కావాలి. రెండూ కలిసిపోవడమూ ఉంది. డాక్టర్లు సైకియాట్రిస్ట్ దగ్గరకు వెళ్లడానికి జంకుతారు, సాటివాళ్లు ఏమనుకుంటారోనని. 2022 అక్టోబర్ నుంచి మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 ఉంది. ఎవరైనా ఉచితంగా మాట్లాడొచ్చు, డాక్టర్లు సహా.

పని గంటల సంగతి మాత్రం ఫోన్లో తేలేది కాదు. జూనియర్ రెసిడెంట్లకు, అంటే ఈ పీజీలకు, మామూలుగా వారానికి 48 గంటలు, ఒక్క దఫాలో 12 గంటలు మించకూడదని 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ పథకంలోనే ఉంది. మహమ్మారి తగ్గాక జాతీయ వైద్య కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ 2024లో నివేదిక ఇచ్చింది. అందులో పీజీలకు సూచించిన వారపు పరిమితి 74 గంటలు. వారానికో రోజు సెలవు పోను, మిగతా ఆరు రోజుల్లో రోజుకు 12 గంటలు దాటుతుంది.