రెండు మందులకూ లొంగని ఫిట్స్: కారణం ఎక్కడ?

ములుగు, భూపాలపల్లి వైపు నుంచి ఫిట్స్ ఉన్న పిల్లలను వరంగల్‌కు తీసుకొచ్చే తల్లులు తరచుగా కాన్పు ముచ్చటే చెప్తారు: ‘పుట్టంగనే ఏడ్వలే’, ‘మొదటి రెండ్రోజులు పాలు తాగలే’. మొండి మూర్ఛకు మూలం చాలాసార్లు ఆ మాటల్లోనే దొరుకుతుంది. ఊపిరి అందక మెదడు దెబ్బతింటుంది. పాలు పడక రక్తంలో చక్కెర పడిపోతే మెదడు వెనక భాగం మీద మచ్చ మిగులుతుంది. నెలల తర్వాత ఫిట్స్ మొదలవుతాయి. గాలి సోకిందని తాయత్తు కట్టించి ఆ నెలలు కూడా పోగొట్టుకునేవాళ్లు ఇంకా ఉన్నారు.

మూర్ఛకు మందుల చరిత్ర 1857లో బ్రోమైడ్‌తో మొదలైంది. 1912లో ఫినోబార్బిటాల్, 1938లో ఫెనిటోయిన్ వచ్చాయి. 1990ల తర్వాత కొత్త మందులు వరసగా దిగాయి. అయినా ప్రతి ముగ్గురిలో ఒకరికి ఫిట్స్ ఆగడం లేదు. 2000లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నుంచి వచ్చిన అధ్యయనంలో మొదటి మందుతోనే 47 శాతం మందికి ఫిట్స్ ఆగాయి, రెండోదానితో మరో 13 శాతం మందికి. ఆ తర్వాతి మందులతో బాగుపడినవాళ్లు బహు కొద్దిమంది. అందుకే సరైన మందులు రెండు సరైన మోతాదులో వాడినా ఆగకపోతే ‘మందులకు లొంగని మూర్ఛ’ అనాలని 2010లో అంతర్జాతీయ మూర్ఛ నివారణ లీగ్ నిర్వచించింది.

ఇక్కడే మందు మార్చడం ఆపి, కారణం వెతకాలి. కొందరి మెదడు పైపొర కడుపులో ఉన్నప్పుడే సరిగా అమరదు. 1971లో వర్ణించిన ఈ లోపం సీటీలో తరచుగా దొరకదు, మంచి ఎంఆర్ఐ కావాలి. పసితనంలోనే మొదలయ్యే ద్రావే సిండ్రోమ్ అనే మొండి మూర్ఛలో లోపం జన్యువుది. 2001లో ఆ జన్యువును గుర్తించారు. ఆ పిల్లలకు కార్బమజెపిన్ అనే మూర్ఛ మందు ఇస్తే ఫిట్స్ పెరుగుతాయి. మేనరికం ఉన్న ఇళ్లలో ఇంకో సంగతి చూడాలి: బి6, బయోటిన్ విటమిన్లను శరీరం వాడుకోలేని అరుదైన జబ్బులు. వీటికి చికిత్స ఖరీదైనదేమీ కాదు, ముందే తెలియాలి, అంతే.

మందులకు లొంగని ఫిట్స్‌కు మెదడు ఆపరేషన్ ఇంకో దారి. దీనిపై 2017లో ఢిల్లీ ఎయిమ్స్ ఫలితాలు వచ్చాయి. ఆపరేషన్ చేసిన పిల్లల్లో ఏడాది తిరిగేసరికి 77 శాతం మందికి ఫిట్స్ ఆగాయి, మందులతోనే ఉన్నవారిలో 7 శాతం మందికే. హైదరాబాద్ నిమ్స్‌లోనూ ఈ ఆపరేషన్లు జరుగుతున్నాయి. మన దగ్గర మాత్రం మూడో మందు, నాలుగో మందు అంటూ ఏళ్లు గడుస్తున్నాయి. ఆ ఏళ్లలోనే పిల్లలకు మాట, నడక, చదువు వెనకబడిపోతున్నాయి.