టక్ మార్కర్: అపోహలు, వాస్తవాలు

పాత కుట్టు మిషన్ల అటాచ్‌మెంట్ల పెట్టె తెరిచినప్పుడు కుచ్చులు పెట్టే రఫ్లర్‌ను, అంచు మడిచే హెమ్మర్లను వెంటనే గుర్తుపట్టేవారు కూడా ఒక వస్తువు దగ్గర ఆగిపోతారు. రెండు చిన్న కొలపట్టీలు, పైన ఒక మీట, కింద నాలుకలాంటి రేకు ఉండే ఆ పరికరం పేరు టక్ మార్కర్. దీన్నే టక్కర్ అని కూడా అంటారు. టక్ అంటే బట్టను మడిచి, ఆ మడత అంచుకు సమాంతరంగా కుట్టేసిన సన్నని మడత. సింగర్ కంపెనీ 1889 ఫిబ్రవరి 19 నాటి పేటెంటు తేదీతో అమ్మిన మడత పెట్టెల్లో కూడా ఇది రఫ్లర్ పక్కనే ఉండేది. టక్స్ పని ఎక్కువగా చేసే మనిషిగా నాకు ఇది చాలా ఇష్టమైన పనిముట్టు. దీని గురించి నేను తరచూ వినే పొరపాటు మాటలను ఒక్కొక్కటిగా సరిచేయాలని ఇది రాస్తున్నాను.

అపోహ: ఈ పరికరం బట్టను తానే మడిచి, తానే టక్ కుడుతుంది.

వాస్తవం: కుట్టేది మిషన్, మడిచేది మన వేళ్లు. ఇప్పటి టక్ కుడుతున్నంతసేపూ, దాని తర్వాత రావలసిన టక్‌కు మడత ఎక్కడ పడాలో బట్ట మీద ఒత్తి చూపించడమే ఈ పరికరం చేసే పని. సూది కిందికి దిగినప్పుడల్లా సూదిని పట్టి ఉంచే క్లాంప్ వచ్చి మీటను తాకుతుంది. మీట తన కింద ఉన్న మొద్దు మొనను నొక్కుతుంది, ఆ మొన బట్టను కింది నాలుక మీద ఉన్న సన్నని గాడిలోకి అదుముతుంది. అంటే ఒక్కో కుట్టుకు ఒక్కో నొక్కు పడుతుంది, ఆ నొక్కులన్నీ వరుసగా కలిసి గీతగా కనిపిస్తాయి. కుట్టు పొడవు పెంచితే నొక్కులు దూరదూరంగా పడి గీత చుక్కల వరుసలా వస్తుంది. అందుకే గీత సరిగా పడడం లేదని ఎవరైనా అన్నప్పుడు నేను ముందు చూసేది కుట్టు పొడవునే, పరికరాన్ని కాదు. సన్నని కాటన్ మీద 2 మిల్లీమీటర్ల కుట్టు పెట్టి, బట్టను వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని చూస్తే గీత స్పష్టంగా కనిపిస్తుంది. కనిపించకపోయినా వేలి కొనతో తడిమితే ఒక వైపు గాడిలా, మరో వైపు సన్నని గట్టులా తగులుతుంది.

ఈ పనితీరు అర్థమైతే మొదటి టక్ విషయంలో ఎందుకంత జాగ్రత్త అవసరమో కూడా అర్థమవుతుంది. మొదటి మడతకు గీత గీసి ఇచ్చేవారు ఎవరూ లేరు, దాన్ని మనమే పెట్టుకోవాలి. ఒకసారి చంటిపిల్లల గౌను ముందు భాగానికి కంటి అంచనాతో మొదటి మడత ఇస్త్రీ చేసి పని మొదలుపెట్టాను. ఆ మడత ఒక కొసన రెండు పోగులు పక్కకు ఒరిగింది, తర్వాతి పదిహేను టక్స్ అదే వంకరను ఒకదాని నుంచి ఒకటి అందిపుచ్చుకున్నాయి. పరికరం తన పని తప్పు లేకుండా చేసింది, నేను ఇచ్చిన వంకరనే అది నమ్మకంగా నకలు చేసింది. కుట్లన్నీ విప్పి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. అప్పటి నుంచి మొదటి మడత పడవలసిన చోట ఒక నిలువు పోగును మెల్లగా లాగి, ఆ జాడ మీదే మడత పెడుతున్నాను.

అపోహ: రెండు పట్టీల మీద ఒకే అంకె పెడితే టక్ వెడల్పూ, టక్స్ మధ్య ఖాళీ సమానంగా వస్తాయి.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ బట్ట పాడయ్యేది ఈ అపోహ వల్లే. సింగర్ టక్కర్లలో టక్ వెడల్పు పట్టీ మీద గీతల మధ్య దూరం అంగుళంలో 8వ వంతు, ఖాళీ పట్టీ మీద గీతల మధ్య దూరం అంగుళంలో 4వ వంతు, అంటే సరిగ్గా రెట్టింపు. రెండింటినీ ఒకే అంకె మీద పెడితే ఖాళీ అనేదే రాదు, ఒక టక్ అంచు పక్క టక్ కుట్టును తాకుతూ ఆనుకుని పడుకుంటుంది. ఇలాంటి వాటిని బ్లైండ్ టక్స్ అంటారు.

కారణం లెక్కలోనే ఉంది. టక్ కుట్టు నుంచి తర్వాతి మడత గీత వరకు ఉండాల్సిన దూరంలో, కుట్టిన టక్ పడుకోవడానికి ఒక వెడల్పు, తర్వాతి టక్ కింది పొరకు మరో వెడల్పు పోతాయి. ఆ రెండు వెడల్పుల తర్వాత మనం జరిపిన దూరమే ఖాళీగా మిగులుతుంది. పావు అంగుళం టక్, పావు అంగుళం ఖాళీ కావాలనుకుందాం. టక్ పట్టీని 2 మీద ఉంచి, ఖాళీ పట్టీని 2 దాటించి 3 మీద పెట్టాలి. అప్పుడు గీత సూదికి ముప్పావు అంగుళం ఎడంగా పడుతుంది, కుట్టకముందు పరిచిన బట్ట మీద ఒక మడత గీత నుంచి మరో మడత గీతకు సరిగ్గా ఒక అంగుళం వస్తుంది. వేరే కంపెనీల పరికరాల మీద అంకెలు వేరుగా ఉండవచ్చు కనుక పట్టీ ఏం చెప్పినా, పాత గుడ్డ ముక్క మీద మూడు టక్స్ కుట్టి కొలబద్ద పెట్టి చూడటం తప్పనిసరి. అర మిల్లీమీటరు తేడాను చిన్నదని వదిలేస్తే, 20వ టక్ దగ్గరికి వచ్చేసరికి అది దాదాపు ఒక సెంటీమీటరు అవుతుంది.

అపోహ: ముందు ముక్క కత్తిరించుకుని, తర్వాత టక్స్ పెట్టుకోవచ్చు.

వాస్తవం: ప్రతి టక్ తన వెడల్పుకు రెట్టింపు బట్టను లోపలికి తీసుకుంటుంది. పావు అంగుళం టక్స్ 20 పెడితే 10 అంగుళాల బట్ట అందులోకి పోతుంది. కాబట్టి ముందు బట్టకు టక్స్ పెట్టి, ఇస్త్రీ చేసి, ఆ తర్వాతే దాని మీద ప్యాటర్న్ పరిచి కత్తిరించాలి.

అపోహ: ఏ బట్ట మీదైనా గీత నిలుస్తుంది.

వాస్తవం: నిలవదు. లాన్, కేంబ్రిక్, వాయిల్ వంటి సన్నని కాటన్లు, పలుచని లినెన్ గీతను చక్కగా పట్టుకుంటాయి. పాలియెస్టర్ నొక్కు పడినంత వేగంగానే మళ్లీ లేచిపోతుంది, సాగే నిట్ బట్టల మీద గీత పడినా వరుస తప్పుతుంది. జారిపోయే బట్టకు పలుచగా గంజి పట్టించి ఇస్త్రీ చేస్తే కొంత ఫలితం ఉంటుంది. బట్ట ఏదైనా సరే, గీత పడిన టక్‌ను వెంటనే మడిచి కుట్టేయడం మంచిది, రాత్రంతా చుట్ట చుట్టి పెడితే తెల్లవారేసరికి గీత సగం మాయమవుతుంది.

అపోహ: ఆ మొన బట్టను కోస్తుంది.

వాస్తవం: అది కత్తి కాదు, గుండ్రంగా అరగదీసిన మొద్దు అంచు. దారాలు తెగుతున్నాయంటే తుప్పు వల్లో, దెబ్బ తగలడం వల్లో దాని మీద గరుకు ఏర్పడిందని అర్థం. సన్నని ఎమరీ కాగితంతో నునుపు చేసి, నూనె మరక లేకుండా తుడిస్తే సరిపోతుంది.

జంట సూదితో, అడుగున గాడులున్న ఫుట్‌తో (బట్టను నొక్కి పట్టే పాదంతో) వేసే పిన్ టక్స్ కూడా ఇదే పని కదా అని అడిగేవారున్నారు. అది వేరే పద్ధతి. అక్కడ రెండు సూదుల మధ్య బట్టను బాబిన్ దారం లాగి గట్టులా లేపుతుంది, మడత ఉండదు. మడత ఉన్న టక్ అంచుకు వచ్చే పదును దానికి రాదు.

అపోహ: ఏ మిషన్‌కైనా బిగించుకోవచ్చు.

వాస్తవం: ఫుట్ బిగించే కడ్డీ ఎత్తు మిషన్‌ను బట్టి మారుతుంది, పొట్టి కడ్డీకి చేసిన టక్కర్ పొడవు కడ్డీకి సరిపోదు. బిగిసినంత మాత్రాన కూడా సరిపోదు, సూది క్లాంప్ కిందికి దిగినప్పుడు మీటను నిజంగా తాకుతుందో లేదో చక్రాన్ని చేత్తో తిప్పి చూడాలి. తాకకపోతే గీతే పడదు. జిగ్‌జాగ్ మిషన్ అయితే తిన్నని కుట్టు మీదే ఉంచి, పరికరం రంధ్రంలోకి సూది సూటిగా దిగుతోందని చూసుకున్నాకే కాలు పెడల్ మీద పెట్టాలి.

ఇంత తెలిసినవారు కూడా మరిచిపోయే పని ఒకటుంది. చివరి టక్ కుట్టేటప్పుడు మీట పనిచేయకుండా పైకి తీసి ఉంచాలి. లేకపోతే ఎప్పటికీ కుట్టని ఒక మడత గీత టక్స్ పక్కన సాదా బట్ట మీద మిగిలిపోతుంది. పొరపాటున అలా పడితే తడిగుడ్డ అద్ది, వెనక వైపు నుంచి ఇస్త్రీ చేస్తే కాటన్ మీద అది పోతుంది.